మ్యాన్‌హోల్ చావుల మీద వీధి నాటకం వేయాలంటే

వీధి నాటకాన్ని చివరి నుంచి రాయడం మొదలుపెట్టాలి. ఆట అయిపోయాక జనం ముందు ఏ కాగితం పెట్టబోతున్నారు? అది ఎవరి బల్ల మీదికి వెళ్తుంది? అందులో ఏం అడుగుతున్నారు? ఈ మూడూ తేలేదాకా మొదటి సీను జోలికి పోవద్దు. ఇవి తేల్చుకోకుండా వేసే నాటకాలే ఎక్కువ. డప్పు మోగుతుంది, పాట బాగుంటుంది, చప్పట్లు పడతాయి, జనం లేచి దుమ్ము దులుపుకుని ఇళ్లకు పోతారు. ఆడినవాళ్లకు తృప్తి మిగులుతుంది. మర్నాడు మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడికి మాత్రం ఏమీ మిగలదు.

ఇక్కడ డ్రైనేజీలు, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోతున్న కార్మికుల విషయాన్ని తీసుకుని ఇరవై నిమిషాల ఆట ఎలా తయారు చేయాలో చెబుతున్నాం. కూలి బకాయిలు, హాస్టల్ తిండి, దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి, ఏ విషయానికైనా పని ఇలాగే సాగుతుంది. కథ, లెక్కలు మాత్రం మారతాయి.

ముందు విషయం తెలుసుకోండి

మనుషులతో మలం ఎత్తే పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాల్వలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దింపడం నేరం. ఏడో సెక్షన్ మున్సిపాలిటీతో ఆగదు. ఏ వ్యక్తి అయినా, ఏ సంస్థ అయినా, నేరుగా గానీ మధ్యవర్తి ద్వారా గానీ దింపినా అంతే. అంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా ఇందులోకి వస్తుంది. మొదటిసారి నేరానికి రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నేరం నాన్‌బెయిలబుల్. ఇది చెప్పగానే జనంలో ఇళ్ల యజమానులు నిటారుగా కూర్చుంటారు. అందుకే ఈ సంగతిని ఆట మొదట్లోనే ఖర్చు చేసుకోకుండా దాచుకోండి.

పరిహారం లెక్క జాగ్రత్తగా చెప్పాలి. పారిశుధ్య కార్మికుల హక్కుల కోసం పనిచేసే సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20న మరో తీర్పులో కోర్టు దాన్ని 30 లక్షలకు పెంచింది. పాత స్క్రిప్టులు తెచ్చి ఆడే బృందాలు ఇప్పటికీ 10 లక్షలే చెబుతున్నాయి. దానివల్ల ఒక కుటుంబం 20 లక్షలు తక్కువ అడిగే ప్రమాదం ఉంది. వీధి నాటకంలో అంకె తప్పు పోవడం డైలాగ్ మర్చిపోవడం లాంటిది కాదు.

సఫాయి కర్మచారి ఆందోళన్ స్థాపకుల్లో ఒకరైన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర, మలం ఎత్తే పనిలో ఉన్న తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టారు. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ప్రేక్షకుల్లో కార్మికుల పిల్లలు ఉన్నచోట ఈ మాట ఒక్క వాక్యంలో చెప్పండి, చాలు.

ఇక గ్యాసు సంగతి. నాటకానికి వెన్నెముక ఇదే. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగేకొద్దీ ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. దిగినవాడు వాసన పోయింది, గ్యాసు పోయిందనుకుంటాడు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. లోపల ఆక్సిజన్ కూడా తక్కువే. మొదటివాడు పలకడం లేదని రెండోవాడు దిగుతాడు, వాడి కోసం మూడోవాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోవడం వెనక కారణం ఇది. తాగుడు కాదు, అజాగ్రత్త కాదు. తోటివాణ్ని కాపాడాలని దిగి పోయినవాళ్లే వాళ్లలో ఎక్కువ. ఈ ఒక్క సంగతి జనం మనసులో నాటుకుంటే సగం పని అయినట్టే.

మాటలు ఎక్కడినుంచి తేవాలి

కనీసం పది మందితో మాట్లాడండి. దిగే కార్మికులు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు, మేస్త్రీ, ట్యాంకు క్లీనింగ్ బండి డ్రైవరు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. వాచ్‌మన్‌ని వదలొద్దు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారో ఆయనకే తెలుసు. మాట్లాడేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేయకండి, మనిషి బిగుసుకుపోతాడు. విని, బయటికొచ్చాక నోట్‌బుక్‌లో రాసుకోండి. కథ కన్నా మాటలు ముఖ్యం. ‘పది నిమిషాల పని’, ‘సందులోకి బండి రాదు’, ‘నీకు కొత్తా ఏంది’ లాంటివి. ఇలాంటి వాక్యం ఒకటి దొరికితే మీరు సొంతంగా రాసిన రెండు పేజీలు చింపేయొచ్చు.

పేర్లు వాడకండి. నిజంగా జరిగిన ఒక సంఘటనను ఉన్నది ఉన్నట్టు తీసుకోకండి, మూడు నాలుగు కలిపి ఒక కథ చేయండి. కాంట్రాక్టర్ పాత్రకు ‘కాంట్రాక్టర్’ అన్న పేరే చాలు. అసలు పేరు వాడితే పరువునష్టం నోటీసు మీకు వస్తుంది, ఉద్యోగం మాత్రం మీకు సమాచారం ఇచ్చినవాడికి పోతుంది. కులాన్ని కించపరిచే పాత మాటలను విలన్ నోట కూడా పలికించకండి. ‘వాడు చెడ్డవాడు కాబట్టి అంటాడు’ అని సమర్థించుకుంటారు గానీ, ఆట ముగిశాక వీధి పిల్లలు ఆ మాటనే పట్టుకుని కార్మికుల పిల్లల్ని పిలుస్తారు.

ఎవరైనా చనిపోయిన వీధిలో పెద్దకర్మ కాకముందు ఆట పెట్టొద్దు. తర్వాత పెట్టినా ఇంటివాళ్లకు ఏ సీను వస్తుందో ముందే చెప్పి, చూడాలో వద్దో వాళ్లకే వదిలేయండి.

బృందం

ఎనిమిది మంది చాలు. నటులు ఐదుగురు, అందులో ఇద్దరైనా ఆడవాళ్లు. డప్పు ఇద్దరు. ఎనిమిదో మనిషి ఆడడు. జనం కట్టిన వలయం బయట నిలబడి పోలీసులు, తాగి వచ్చినవాళ్లు, వాన, సంతకాల కాగితం చూసుకుంటాడు. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, అయినా చాలా బృందాలు నటన రానివాడికి దీన్ని అంటగడతాయి. ఓపికగా, మర్యాదగా, గట్టిగా మాట్లాడగలిగే మనిషికివ్వండి.

రిహార్సల్ రోజుకు రెండు గంటల చొప్పున పన్నెండు నుంచి పదిహేను రోజులు. చివరి మూడు రోజులు గదిలో వద్దు. బస్సుల హారన్లు వినపడే చోట చేయండి. గదిలో బాగా వినిపించిన గొంతు రోడ్డు పక్కన సగానికి పడిపోతుంది.

ఆట కట్టు

వీధి నాటకం పాతిక నిమిషాలు దాటితే వెనక నిలబడ్డవాళ్లు కాళ్లు మార్చుకుంటారు, ముప్పై దాటితే వెళ్లిపోతారు. ఇరవై ఒక్క నిమిషాల కట్టు ఒకటి ఇదిగో.

పాట, రెండు నిమిషాలు. తర్వాత మొదటి సీను మూడు నిమిషాలు: అపార్ట్‌మెంట్‌లో వాసన. ఇది నవ్వించాలి. ముక్కు మూసుకుని మాట్లాడే ప్రెసిడెంట్, మూడో అంతస్తు అంకుల్, ‘చుట్టాలు వస్తున్నారండీ’ అని కంగారుపడే ఆంటీ. జనం తమ ఇళ్లను గుర్తుపట్టాలి. నవ్వకుండా మొదలైన నాటకాన్ని జనం ఉపన్యాసం అనుకుంటారు.

ఆ సీను చివర ఫోన్ల గొలుసు. ప్రెసిడెంట్ కాంట్రాక్టర్‌కి, కాంట్రాక్టర్ మేస్త్రీకి, మేస్త్రీ కార్మికుడికి. డబ్బు ఎలా తరిగిపోతుందో చూపడానికి ఒక చిన్న ఉపాయం: పాత పేపరును పొడవుగా మడిచి నోటులా పట్టుకోండి. ఒక చెయ్యి దాటినప్పుడల్లా సగం చింపి జేబులో పెట్టుకోవాలి. కార్మికుడి చేతికి వచ్చేసరికి బస్సు టికెట్టంత ముక్క మిగులుతుంది. అంకె ఒక్కటి కూడా చెప్పక్కర్లేదు. చింపిన చప్పుడు వెనక వరసకు కూడా వినపడుతుంది.

రెండో సీను నాలుగు నిమిషాలు, గుంత దగ్గర. గుంత కోసం లారీ టైరు గానీ, తాడుతో వేసిన రెండడుగుల వలయం గానీ చాలు.

మేస్త్రీ: ఏందిరా చూస్తున్నావ్? పది నిమిషాల పని.
కార్మికుడు: మిషన్ బండి పిలవొచ్చు కదన్నా.
మేస్త్రీ: బండి సందులోకి రాదు.
కార్మికుడు: పైపు వస్తది కదన్నా.
(మేస్త్రీ మాట్లాడడు. డప్పు ఒక్క దెబ్బ.)
మేస్త్రీ: ముందు దిగు. నీకు కొత్తా ఏంది?

ఈ ముక్కను చూస్తే వాక్యాల పొడవు తెలుస్తుంది. ఆరుబయట ఐదారు మాటలు దాటిన వాక్యం సగం దారిలో గాలికి పోతుంది. ముఖ్యమైన మాటను ఒక దిక్కుకు తిరిగి చెప్పి, మళ్లీ ఎదుటి దిక్కుకు తిరిగి చెప్పాలి. వలయంలో ఎవరికో ఒకరికి మీ వీపు ఎప్పుడూ ఉంటుంది.

మూడో సీను మూడు నిమిషాలు. ముగ్గురు కార్మికులు ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. ఎక్కువ బృందాలు చెడగొట్టుకునేది ఇక్కడే. నటుడు గొంతు పట్టుకుని, గిలగిలా కొట్టుకుని, దభీమని పడతాడు. పిల్లలు పకపకా నవ్వుతారు. పిల్లలది తప్పు కాదు, మనిషి పడటం చూస్తే వాళ్లకు నవ్వొస్తుంది. కాబట్టి పడకండి, మాయమవండి. కార్మికుడు చెప్పులు విడిచి గుంత అంచున పెడతాడు, గుంతలోకి అడుగు వేసి, కూర్చుని, తల మీదుగా నల్లగుడ్డ కప్పుకుంటాడు. అంతే. పైనున్నవాడు పేరు పెట్టి పిలుస్తాడు. మూడుసార్లు పిలిచాక వాడూ చెప్పులు విడుస్తాడు. మూడో జత కూడా పక్కన చేరాక డప్పు టక్కున ఆగాలి. ఎనిమిది అంకెలు మనసులో లెక్కపెట్టేదాకా ఎవరూ కదలొద్దు, ఏమీ పలకొద్దు. కొత్త బృందాలు ఆ నిశ్శబ్దానికి భయపడి మూడు అంకెలకే పాట ఎత్తుకుంటాయి. ఓర్చుకోండి.

మురుగు అని ఒంటికి బురద పూసుకోవద్దు. ఆట పూర్తయ్యాక మీరు కడుక్కుంటారు. చూసే కార్మికుడికి అది తన బతుకును వెక్కిరించినట్టు ఉంటుంది.

నాలుగో సీను నాలుగు నిమిషాలు. ‘నాకేం సంబంధం?’ ప్రెసిడెంట్ కాంట్రాక్టర్‌ని చూపిస్తాడు, కాంట్రాక్టర్ మేస్త్రీని, మేస్త్రీ గుంతను. ‘తాగి దిగాడు’ అన్న మాట ఇక్కడ రావాలి, నిజ జీవితంలోనూ వస్తుంది కాబట్టి. చనిపోయినవాడి భార్య మధ్యలో నిలబడి చెప్పులు ఒక్కో జతా చేతిలోకి తీసుకుంటుంది. ఏడవకూడదు. ఆమె ఏడిస్తే జనం జాలిపడి ఊరుకుంటారు, అడిగితే జవాబు వెతుక్కుంటారు. ఆమె ఒకే ప్రశ్న వేస్తుంది: ‘ఎవరు దిగమన్నారు?’ ప్రతివాడి దగ్గరికీ వెళ్లి అదే అడుగుతుంది. నాలుగోసారికి జనం కూడా కలిసి అంటారు. అనకపోతే డప్పు వాయించేవాళ్లు అందుకోవాలి.

ఐదో సీను మూడు నిమిషాలు. దాచుకున్న చట్టం ఇక్కడ బయటికి తీయండి. చట్టాన్ని లాయరు పాత్రతో చెప్పించకండి, పక్కింటి అమ్మాయి చెప్పాలి. మూడే విషయాలు: దింపినవాడిది నేరం, కుటుంబానికి 30 లక్షలు హక్కు, ఎక్కడైనా మనిషిని దింపుతున్నట్టు కనిపిస్తే హెల్ప్‌లైన్ 14420కి ఫోన్. నాలుగో విషయం చెబితే మొదటిది మర్చిపోతారు. చివరి పాట రెండు నిమిషాలు.

ఈ కట్టుకు మన దగ్గర పాత దారి ఉంది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ ఎంత పాతదైనా రాజకీయం చెప్పే వంత దాన్ని ఇవాళ్టి ధరలకూ దొరలకూ ముడిపెడతాడు. 1943లో మొదలైన కమ్యూనిస్టుల కళా సంస్థ ప్రజానాట్యమండలి ఈ మూడు గొంతుల పద్ధతిని పట్టుకునే ఊళ్లలోకి వెళ్లింది. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ గొంతు దాన్ని ఆంధ్ర దేశమంతా తిప్పింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం తెలంగాణ రైతు పోరాటం మీద రాసిన ‘మాభూమి’ నాటకంతో పాటు ఇలాంటి ప్రదర్శనల మీద నిషేధం పెట్టిందంటే, కళ ఎక్కడ తగిలిందో అర్థమవుతుంది. నటులు తక్కువైతే ఐదుగురి నాటకం బదులు ముగ్గురి బుర్రకథగా ఇదే విషయం చెప్పండి. ఫోన్ల గొలుసు హాస్యం వంతకు, చట్టం రాజకీయం వంతకు.

పాట

సినిమా వరస వాడొద్దు. జనానికి అసలు పాట గుర్తొస్తుంది, మీ మాటలు వినపడవు. ఆ ప్రాంతంలో అందరి నోటా ఆడే జానపద వరస తీసుకోండి. తెలంగాణలో ఉయ్యాల పాట, రాయలసీమలో చెక్కభజన, ఉత్తరాంధ్రలో జముకుల కథ నడక. ఉయ్యాల వరసలో ఒక నమూనా:

మూత తీసినారు ఉయ్యాలో
ముక్కు మూగబోయె ఉయ్యాలో
లోనికి దిగినోడు ఉయ్యాలో
లెక్కలోన లేడు ఉయ్యాలో

గ్యాసు ముక్కును చంపడం రెండో పాదంలో ఉంది, హాజరు పట్టీలో పేరే లేకపోవడం నాలుగోదాంట్లో. సమాచారం పాటలో ఇలా ఇమడాలి. సెక్షన్ నంబర్లు పాటలో పెట్టేవాళ్లు ఉన్నారు. వాటికి ప్రాస కుదరదు, కుదిరినా ఎవరూ పాడుకోరు.

ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకునేలా ఉండాలి. రెండోసారికి జనం నోట రాకపోతే పల్లవి పొడుగైనట్టు లెక్క. శ్రుతి కొంచెం తగ్గించి ఎత్తుకోండి. డప్పు ఉత్సాహంలో శ్రుతి దానంతటదే పైకి పోతుంది, మూడో చరణానికి గొంతు బిగుసుకుంటుంది.

డప్పు

తోలు డప్పు చెమ్మకు వదులవుతుంది. ఆటకు అరగంట ముందు ఎండు తాటాకులో గడ్డో అంటించి, మంటకు అడుగు ఎత్తున తోలు వైపు పట్టి తిప్పుతూ ఉండాలి. ఒకే చోట ఆపితే తోలు బిగిసి పగులుతుంది. వేలితో మీటితే మెత్తని చప్పుడు పోయి ఖంగున పలికేదాకా కాచాలి. కుడి చేతిలో పొట్టి లావు సిర్ర, ఎడమ చేతిలో సన్నటి చిటికెన పుల్ల. మంచు పడే సాయంత్రాల్లో పావుగంటకే మళ్లీ వదులవుతుంది కాబట్టి రెండు డప్పులుంటే ఒకటి మోగుతుండగా ఇంకొకటి కాచుకోవచ్చు. వానాకాలంలో ప్లాస్టిక్ పొర డప్పే దిక్కు. నాదం తోలుకు సాటి రాదు, అయినా మూగబోయిన తోలు కన్నా నయం.

డప్పు జనాన్ని పోగుచేసే వస్తువు మాత్రమే అనుకునేవాళ్లకు ఒక మాట. చావుకు, చాటింపుకు వాయించమని ఊరు కొన్ని కులాల మెడకు తగిలించిన వాద్యం ఇది. వాళ్ల పిల్లలు దాన్నే ఆత్మగౌరవానికి గుర్తుగా మార్చుకున్నారు. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ఆటపాటల ప్రదర్శన ధూంధాంలో అది వేదిక ముందు వరసకు వచ్చింది. డప్పు కళాకారులను పిలిస్తే నటులతో సమానంగా స్క్రిప్టు చర్చలో కూర్చోబెట్టండి, బండి ఖర్చు కాదు, కూలి ఇవ్వండి. పారిశుధ్య కార్మికుల శ్రమ దోపిడీ మీద ఆడే నాటకంలో డప్పు వాయించేవాడికి ఉత్త టీ ఇచ్చి పంపడం కన్నా ఎబ్బెట్టు ఇంకోటి లేదు.

చోటు, వేళ

పదిహేను నుంచి ఇరవై అడుగుల అడ్డం ఉన్న ఖాళీ జాగా కావాలి. ఒక పక్క గోడ ఉంటే గొంతు చెదరదు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి, వెనక పెద్దవాళ్లు నిలబడతారు. కూర్చున్న రెండు వరసలే వలయాన్ని కాపాడతాయి. లేకపోతే ఐదు నిమిషాలకో అడుగు చొప్పున జనం ముందుకు జరిగి, చివరికి నటులు టైరు మీద నిలబడాల్సి వస్తుంది. నేల మీద ముగ్గుతో గీత గీస్తే ఇంకా మంచిది.

మైకు లేకుండా నూటయాభై, రెండు వందల మంది దాకా వినిపించవచ్చు. అంతకన్నా ఎక్కువ వస్తారనిపిస్తే మైకు తేకుండా రెండు ఆటలు వేయండి. స్టాండు మైకు ముందు నటుడు పాతిన స్తంభమే.

వేళ మీకు వీలైనది కాదు, వాళ్లకు వీలైనది. పారిశుధ్య కార్మికులు తెల్లవారకముందే హాజరుకు వెళ్తారు, మధ్యాహ్నం తిరిగొచ్చి పడుకుంటారు. వాళ్ల బస్తీలో సాయంత్రం ఐదున్నర మంచిది. అపార్ట్‌మెంట్లు ఉన్న కాలనీలో ఆదివారం ఉదయం. రాత్రి ఏడు దాటితే సీరియళ్లతో పోటీ, అందులో ఓడిపోతారు.

అనుమతి, గొడవలు

వారం ముందు స్టేషన్‌కి దరఖాస్తు ఇవ్వండి. చోటు, తేదీ, వేళ, ఎంతమంది, మైకు ఉందా లేదా, బాధ్యుల పేరు, ఫోన్ నంబరు రాయాలి. విషయం ‘పారిశుధ్య కార్మికుల భద్రతపై అవగాహన ప్రదర్శన’ అంటే సరిపోతుంది. అబద్ధమూ కాదు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి, ఆ రోజు కాగితం ఎనిమిదో మనిషి జేబులో ఉండాలి. లౌడ్‌స్పీకర్‌కు విడిగా అనుమతి కావాలి, అది ఉన్నా రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట వాడకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. సభలు, గుంపుల మీద ఆంక్షలు పెట్టే పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 గానీ, పాత 144 స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 163 గానీ ఆ ప్రాంతంలో అమల్లో ఉందేమో ముందు రోజే కనుక్కోండి. ఉంటే కమ్యూనిటీ హాలులో వేసుకోవడం తెలివి. అరెస్టయితే పేపర్లో పడుతుందని సరదాపడేవాళ్లు ఉంటారు, కానీ మర్నాడు ఆ బస్తీ గడప ఎవరూ తొక్కనివ్వరు.

ఆట మధ్యలో ఎవరైనా వచ్చి ఆపమంటే నటులు వాదించకూడదు. ఉన్నచోటే బొమ్మల్లా నిలబడిపోవాలి. ఎనిమిదో మనిషి మాట్లాడతాడు. జనం కళ్లన్నీ నిలిచిపోయిన ఆ బొమ్మల మీద ఉంటాయి కాబట్టి ఆపినవాడికే ఇబ్బంది. దాడి జరిగే సూచన ఉంటే మాత్రం పట్టుదల వద్దు, డప్పుతో ముందే అనుకున్న గుర్తు ఇచ్చి అందరూ ఒకే దిక్కుకు వెళ్లిపోవాలి. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో ‘హల్లా బోల్’ ఆడుతున్న ఢిల్లీ వీధి నాటక బృందం జన నాట్య మంచ్ మీద దాడి జరిగింది. మర్నాడు ఆ బృందాన్ని నడిపిన సఫ్దర్ హష్మీ చనిపోయాడు. జనవరి 4న ఆయన భార్య మొలయశ్రీ బృందంతో అదే చోటికి వెళ్లి ఆగిపోయిన ఆట పూర్తి చేసింది. ఆట పూర్తి చేయడానికి ఇంకో రోజు ఎప్పుడూ ఉంటుంది, అందుకు మనుషులు మిగలాలి.

తాగి వలయంలోకి వచ్చినవాణ్ని బయటికి నెట్టకండి. ఒక నటుడు భుజం మీద చెయ్యి వేసి, పాత్రలోనే ఉండి, ‘అన్నా, నువ్వు ఇక్కడ కూర్చుని సాక్షిగా ఉండు’ అని ముందు వరసలో కూర్చోబెడితే చాలాసార్లు కుదురుతుంది.

జనాన్ని ఆటలోకి పిలవాలా

బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ చెప్పిన పద్ధతిలో ఆటను ఆపి, ‘మీరైతే ఏం చేస్తారు?’ అని ప్రేక్షకుణ్ని పాత్రలోకి రప్పిస్తారు. రెండో సీను దీనికి బాగా సరిపోతుంది. కార్మికుడి చోటికి ఒకరొచ్చి మేస్త్రీతో మాట్లాడాలి. మేస్త్రీని మార్చనివ్వొద్దు, ‘మేస్త్రీ మంచివాడైతే’ అనుకుంటే సమస్యే ఉండదు కదా. ఎవరైనా వచ్చి ‘నేను దిగను పో’ అని వెళ్లిపోతే ఆట అక్కడితో ఆపేయకుండా, మేస్త్రీ పాత్రధారి ‘సరే, రేపటి నుంచి రాకు’ అనాలి. అప్పుడు అసలు చర్చ మొదలవుతుంది.

ఒక్క హెచ్చరిక. మేస్త్రీలు, కాంట్రాక్టర్ల మనుషులు చూస్తున్నచోట నిజమైన కార్మికుణ్ని లేపి పాత్ర వేయించకండి. ఆయన నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడతాడు, మీరు చప్పట్లు కొడతారు, మర్నాడు హాజరు పట్టీలో పేరు ఉండదు. వీడియోకూ ఇదే మాట. నటుల వైపు తీయండి, జనం ముఖాల వైపు తిప్పకండి.

బ్యానరు

వెనక గుడ్డ ఆరడుగులు బై నాలుగు చాలు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డులు రాసేవాళ్ల లెక్క. తెలుగుకు ఒత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, వరసకూ వరసకూ మధ్య చోటు ఎక్కువ వదలండి. లేకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టులో దూరుతుంది. బ్యానరు మీద బొమ్మగా మూడు జతల చెప్పులు, కింద 14420. బిగించిన పిడికిలి వద్దు, అది అన్ని బ్యానర్ల మీదా ఉంది. గోడల మీద రాయాలంటే యజమాని అనుమతి రాతలో తీసుకోండి. గోడలు పాడుచేయడం మీద 1997 నుంచి చట్టం ఉంది.

ఆట అయ్యాక

పాట ఆగిన రెండు నిమిషాల్లో కాగితం జనం చేతిలో ఉండాలి. అప్పటికి జనం కదలరు, ఐదు నిమిషాలకు సగం మంది ఉండరు. ఏ కాగితం అన్నది చోటును బట్టి. కాలనీలో అయితే అసోసియేషన్ తీర్మానం: ‘మా ట్యాంకులోకి మనిషిని దింపం, మిషన్ బండినే పిలుస్తాం’ అని, ప్రెసిడెంట్ సంతకంతో, నోటీసు బోర్డు మీద బండి నంబరుతో. కార్మికుల బస్తీలో అయితే పరికరాలు, హాజరు పట్టీలో పేర్లు అడుగుతూ మున్సిపల్ కమిషనర్‌కి అర్జీ. చావు జరిగిన చోట అయితే కలెక్టరుకు పరిహారం దరఖాస్తు. దాంతోపాటు ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టారో చూడండి. నిర్లక్ష్యం వల్ల మరణం అని బీఎన్‌ఎస్ (కొత్త శిక్షా స్మృతి) 106 ఒక్కటే రాసి వదిలేయడం మామూలు. 2013 చట్టం, చనిపోయింది ఎస్సీ, ఎస్టీ అయితే అత్యాచారాల నిరోధక చట్టం కూడా చేర్చమని రాతలో అడగాలి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రలో సోమవారమే కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రశీదు తీసుకోండి. 2013 చట్టం కింద జిల్లా విజిలెన్స్ కమిటీ ఉండాలి. దానికి ఒక కాపీ పంపండి.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం పాటలు, నాటకాలు ఆడే కళాజాతాలతో ఊరూరా తిరిగింది. చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ వాచకంలోని సారా కథను తమ ఊరి కథగా చదువుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు, వేలం పాటలు ఆపించారు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. జాతా వచ్చి వెళ్లిపోయాక కూడా రాత్రి బడి రోజూ నడిచింది. పాట వెళ్లిపోయినా కూర్చుని మాట్లాడుకునే చోటు ఊళ్లో మిగిలింది. మీ నాటకం వెళ్లిపోయాక ఆ బస్తీలో ఏం మిగులుతుందో చూసుకోండి. కార్మిక సంఘం ఉందా, మహిళా సంఘం ఉందా, కనీసం రశీదు నంబరు పట్టుకుని మళ్లీ మళ్లీ అడిగే ఇద్దరు ఉన్నారా? ఎవరూ లేని చోట ఆట వేసేముందు ఆ ఇద్దర్ని వెతకండి.

మూడు వారాలకు మళ్లీ వెళ్లండి, డప్పు లేకుండా. నోట్‌బుక్‌లో ఒక్కో ఆటకు నాలుగు గళ్లు చాలు: ఎన్ని సంతకాలు, రశీదు నంబరు, జవాబు వచ్చిందా, ఆట తర్వాత ఎవరైనా మనిషిని గుంతలోకి దింపారా. చప్పట్లకు గడి అక్కర్లేదు. నాలుగో గడిలో ‘దింపారు’ అని రాయాల్సి వస్తే ఆ కాలనీలో ఫోన్ల గొలుసు ఎక్కడ మొదలైందో వాచ్‌మన్‌ని అడిగి, మొదటి సీను మార్చి, అక్కడే ఇంకో ఆట పెట్టండి.